ఓడలో రెండో మంచం ఖరీదు

క్రూయిజ్ ప్రకటనల్లో పెద్ద అక్షరాలతో వేసే ధర గదిలో సగానికి మాత్రమే వర్తిస్తుందన్న సంగతి, హిమాయత్‌నగర్‌లో ఒక ట్రావెల్ ఏజెంటు ఎదుట కూర్చునేదాకా నాకు తెలియదు. సింగపూర్ నుంచి బయలుదేరే నాలుగు రాత్రుల ప్రయాణానికి డబ్బు సిద్ధం చేసుకుని వెళ్లాను. "మేడమ్, ఇది ట్విన్ షేరింగ్ రేటు. మీరు సింగిల్ కదా, డబుల్ పడుతుంది" అని ఆయన చాలా మామూలుగా చెప్పాడు. ఇంటికి వచ్చి చెబితే మా అక్క, "ఒక్క మనిషివి, రెండు టికెట్ల డబ్బు కడతావుటే? ఆ డబ్బుతో మనిద్దరం రామేశ్వరం వెళ్లి రావచ్చు కదే" అంది. అక్కకు నాగార్జునకొండ లాంచీ ఎక్కితేనే తల తిరుగుతుంది కాబట్టి ఆమెను రెండో మంచానికి ఒప్పించే అవకాశం లేదు. బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ చేసిన నాకు లెక్కలు కొత్త కావు గనుక, ఆ రెట్టింపు ధర ఎందుకు పడుతోందో, ఎక్కడ తగ్గుతుందో తెలుసుకుందామని ఒక నోటు పుస్తకం తీశాను.

ఓడ కంపెనీ అమ్మేది గదిని. దాదాపు అన్ని గదులూ ఇద్దరికోసం కట్టినవే కాబట్టి, ఒక్కరే దిగినా రెండో మనిషి టికెట్టులో కొంతో, మొత్తమో అదనంగా వసూలు చేస్తారు. దీన్నే సింగిల్ సప్లిమెంట్ అంటారు. రెండో మంచం ఖాళీగా ఉంటే కంపెనీకి పోయేది ఆ టికెట్టు డబ్బు ఒక్కటే కాదు. ఆ మనిషి ఓడలో పానీయాలకూ, తీరంలో యాత్రలకూ, దుకాణాల్లోనూ పెట్టే ఖర్చు కూడా పోతుంది. ఈ కారణం అర్థమయ్యాక నాకు దారి కనిపించింది. గదులు ఎలాగూ అమ్ముడయ్యే రోజుల్లో ఒంటరి ప్రయాణికులకు తగ్గింపు ఇవ్వవలసిన అవసరం కంపెనీకి ఉండదు. గదులు మిగిలిపోతాయన్న భయం ఉన్నప్పుడే ఇస్తుంది. పిల్లల సెలవులు, చైనా కొత్త సంవత్సరం, డిసెంబరు చివరి వారాలు, మన దసరా, సంక్రాంతి రోజులు మనకు అనుకూలం కావు. బడులు నడుస్తున్న నెలల్లో, వారం మధ్యలో బయలుదేరే ఓడలను చూడాలి.

అయితే సప్లిమెంట్ శాతాన్ని చూసి మోసపోకూడదు. నా నోటు పుస్తకంలో మొదటి పేజీ ఇదే లెక్క. సులువుగా ఉండేందుకు గుండ్రటి అంకెలు వేసుకున్నాను. ఒక ఓడ ప్రకటన ధర 30,000 రూపాయలు, "ఒంటరి వారికి 25 శాతమే అదనం" అని పైన ఎర్ర అక్షరాలు, చెల్లించవలసింది 37,500. ఇంకో ఓడ ప్రకటన ధర 16,000, అదనం పూర్తిగా 100 శాతం, చెల్లించవలసింది 32,000. ఉదారంగా కనిపించిన మొదటిదే 5,500 రూపాయలు ఎక్కువ. అందుకే నేను ఇప్పుడు శాతాల వైపు చూడటం మానేశాను. కంపెనీ వెబ్‌సైటులో ప్రయాణికుల సంఖ్య మామూలుగా రెండుగా ఉంటుంది. దాన్ని ఒకటికి మార్చి, చివరి పేజీ దాకా వెళ్లి, మొత్తాన్ని రాత్రుల సంఖ్యతో భాగించి, ఆ ఒక్క అంకెనే రాసుకుంటాను.

పోర్టు చార్జీలు, ప్రభుత్వ పన్నులు మనిషికి పడతాయి. ఒక్కరే వెళుతున్నప్పుడు అవి ఒక్కరికే కట్టాలి. నాకు ఇచ్చిన మొదటి కొటేషన్‌లో వాటిని కూడా ఇద్దరికి లెక్కకట్టారు. విడివిడిగా చూపించమని అడిగితే సరిచేసి ఇచ్చారు. అడగకపోతే ఆ డబ్బు పోయేదే. ఇక టిప్పుల రుసుము అని రోజువారీగా ఒకటి ఉంటుంది. పెద్ద అంతర్జాతీయ కంపెనీలు చాలావరకు మనిషికి రోజుకు 16 నుంచి 20 డాలర్ల వరకు తీసుకుంటాయి. నాలుగు రాత్రులకే అది చిన్న మొత్తం కాదు కనుక ముందే కలుపుకోవాలి. ఓడలో కార్డు వాడితే కొన్ని బ్యాంకులు వేసే విదేశీ మారకపు రుసుము 3.5 శాతం దాకా ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. ఏజెంటు ద్వారా విదేశీ ప్యాకేజీ కొంటే టీసీఎస్, అంటే అమ్మేవారే మన దగ్గర ముందుగా వసూలు చేసే పన్ను, కూడా తీసుకుంటారు. అది మన పాన్ ఖాతాలో జమ అవుతుంది గనుక ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు.

ఒక్కరి కోసమే కట్టిన గదులు కూడా ఉన్నాయి. నార్వీజియన్ ఎపిక్ అనే ఓడ 2010లో స్టూడియో అనే చిన్న గదులతో నీళ్లలోకి దిగింది. సుమారు 100 చదరపు అడుగుల గది, దానికి తోడు ఆ ప్రయాణికులందరూ కూర్చునే ఉమ్మడి లాంజ్. క్వీన్ మేరీ 2 ఓడకు 2016లో మరమ్మతులు చేసినప్పుడు 15 సింగిల్ గదులు చేర్చారు. క్వాంటమ్ ఆఫ్ ది సీస్, ఆంథమ్ ఆఫ్ ది సీస్ ఓడల్లోనూ ఇలాంటి గదులు ఉన్నాయి. ఇవి కొద్దిగానే ఉంటాయి కాబట్టి త్వరగా నిండిపోతాయి, గిరాకీ వల్ల ఒక్కోసారి మామూలు లోపలి గదిని ఒంటరిగా తీసుకోవడం కంటే ఖరీదవుతాయి. పేరు చూసి తీసుకోకుండా రెండింటినీ పోల్చి చూడాలి.

మొత్తం సొమ్ము చెల్లించే గడువు సాధారణంగా ప్రయాణానికి 75 నుంచి 90 రోజుల ముందు ఉంటుంది. అడ్వాన్సు కట్టి మానుకున్నవారి గదులు అప్పుడు తిరిగి అమ్మకానికి వస్తాయి. నేను ప్రయాణానికి మూడు నెలల ముందు నుంచి ప్రతి సోమవారం అదే ఓడ, అదే తేదీ ధర రాసుకుంటూ వచ్చి, ఆరో వారంలో కిటికీ లేని లోపలి గదిని గ్యారంటీ పద్ధతిలో తీసుకున్నాను. అంటే గది నంబరును కంపెనీయే నిర్ణయిస్తుంది, మనం ఎంచుకోలేము. ఆ గదిలో దీపం ఆర్పితే పగలో రాత్రో తెలియనంత చీకటి. తెల్లవారుజామున టీవీలో ఓడ ముందుభాగపు కెమెరా చానల్ పెట్టుకుని, తెర బూడిదరంగు నుంచి గులాబీరంగులోకి మారగానే శాలువా కప్పుకుని పైకి వెళ్లేదాన్ని. రెండో మంచం మీద ఉతికిన చీర ఆరేసుకున్నాను. దానికీ డబ్బు కట్టాను కదా!

హైదరాబాదు వారికి సముద్రం దగ్గరలో లేదు కాబట్టి రేవు దాకా వెళ్లే ఖర్చే లెక్కను తారుమారు చేస్తుంది. సింగపూర్‌కు నేరుగా విమానాలు ఉన్నాయి, కానీ ఓడ బయలుదేరే రోజే దిగడం ప్రమాదం; ముందురోజు హోటలు గది కూడా ఒక్కరే భరించాలి. పైగా ఓడ ఎక్కి వేరే దేశానికి వెళ్లి తిరిగి వస్తే అది సింగపూర్‌లోకి రెండోసారి ప్రవేశించడమే కనుక, వీసా ఒక్క ప్రవేశానికే పరిమితమై ఉండకూడదు. మొదటిసారి వెళ్లేవారు ముంబయి నుంచి గోవా, లక్షద్వీపాల వైపు వెళ్లే కోర్డీలియా అనే కంపెనీ ఓడలను ముందు చూడటం మంచిదని నా అభిప్రాయం. నాంపల్లిలో మధ్యాహ్నం హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు ఉదయానికి ఛత్రపతి శివాజీ మహారాజ్ టెర్మినస్ చేరతాము. బల్లార్డ్ పియర్ ఓడరేవు అక్కడికి దగ్గరే. అదే కంపెనీ ఓడ 2022లో చెన్నై, విశాఖపట్నం, పుదుచ్చేరి మధ్య కూడా నడిచింది. విశాఖలో 2023లో క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభించారు కాబట్టి అక్కడి ప్రకటనల మీద కూడా కన్ను వేసి ఉంచాను.

తీరంలో దిగినప్పుడు టాక్సీ కూడా ఒంటరివారికి రెట్టింపు ఖర్చే. అందువల్ల రేవు నుంచి నడిచి ఊరు చూడగలిగే ప్రయాణాన్ని ఎంచుకున్నాను. మలేషియాలోని పెనాంగ్‌లో స్వెటెన్‌హామ్ రేవు దాటగానే జార్జ్ టౌన్ పాతబస్తీ మొదలవుతుంది. క్వీన్ స్ట్రీట్‌లోని మహామారియమ్మన్ గుడి దాకా నడిచి వెళ్లి, దీపం పెట్టి, పక్క వీధిలో ఇడ్లీ తిని, నాలుగు గంటలకల్లా ఓడకు తిరిగి వచ్చాను. ఆ రోజుకు రవాణా ఖర్చు సున్నా అని నోటు పుస్తకంలో రాసుకున్నాను.

వచ్చే నవంబరు ప్రయాణానికి కొత్త పేజీ మొదలుపెట్టాను. నాలుగు సోమవారాల ధరలు రాశాను. రెండు వారాలు కదలలేదు, మూడో వారం పెరిగింది, నిన్న కొంచెం తగ్గింది. రాత్రికి ఎంతకు దిగితే డబ్బు కట్టాలో పేజీ పైన ముందే రాసి పెట్టుకున్నాను.