గ్రూప్-2 చరిత్ర: ఏడాదిని పట్టుకుని అడ్డంగా చదవండి

పల్లవులు, చాళుక్యులు, రాష్ట్రకూటులు, చోళులు. విడివిడిగా చదివితే అన్నీ వచ్చినట్టే ఉంటాయి. అందర్నీ కలిపి ఒకే బిట్‌లో కాలక్రమం అడిగాడంటే మాత్రం టెన్షన్ మొదలు. నెల్లూరు లైబ్రరీలో మా బ్యాచ్ అంతా వంశం తర్వాత వంశం బట్టీ పడుతుంటే, నేను ఏడాదుల వారీగా పేజీలు పెట్టుకున్నాను. పైన సంవత్సరం, కింద వాతాపి (బాదామి చాళుక్యులు), కంచి (పల్లవులు), వేంగి (తూర్పు చాళుక్యులు), మాన్యఖేటం (రాష్ట్రకూటులు) అని గళ్లు. చివరి గడి మనది. ఆ ఏడాది నెల్లూరు, ఒంగోలు వైపు ఏం జరుగుతోంది? వేంగికీ కంచికీ నడుమ ఉన్న సరిహద్దు నేల కదా, ఈ గడి భలే పనికొస్తుంది.

848 పేజీ చూడండి. వేంగి రాజు గుణగ విజయాదిత్యుడికి పట్టం కట్టిన మొదటి ఏడాది. ఆయన సేనాని పండరంగడు పన్నెండు బోయ కొట్టాలు (బోయల స్థావరాలు) గెలిచి, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసి, కందుకూరును బెజవాడలా తీర్చిదిద్దాడని అద్దంకి శాసనం చెబుతుంది. అదీ తరువోజ పద్యంలో. రాజు, సేనాని, ఛందస్సు, ఊళ్లు... ఒక్క రాయి మీదే ఎన్ని బిట్లో! అప్పటికి మాన్యఖేటంలో అమోఘవర్షుడు (814–878), కనౌజ్‌లో ప్రతీహార మిహిరభోజుడు. కంచిలో పల్లవులు ఇంకా ఉన్నారు. సుమారు 850లో విజయాలయుడు తంజావూరు పట్టుకున్నాడు గానీ, పల్లవ అపరాజితుణ్ణి ఓడించింది ఆయన కొడుకు ఆదిత్యుడు. ‘పల్లవులు అయిపోయాక చోళులు’ అని రాసుకున్నవాళ్లు తడబడేది ఇక్కడే.

642లో పల్లవ నరసింహవర్మ వాతాపిని పట్టుకోవడంతో చాళుక్య రాజు రెండో పులకేశి కథ ముగిసింది. కానీ 624లోనే తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో పాతుకున్నాడు కాబట్టి అక్కడ వంశం నిలిచింది. 753లో దంతిదుర్గుడు బాదామి చాళుక్యుల్ని కూల్చాక వేంగికి అసలు శత్రువులు రాష్ట్రకూటులయ్యారు. వేంగి రాజు రెండో విజయాదిత్యుడు పన్నెండేళ్లలో 108 యుద్ధాలు చేశాడని చెప్పేది వాళ్లతో, గాంగులతోనే.

నాకు బాగా నచ్చింది 973. కళ్యాణి చాళుక్య తైలపుడు రాష్ట్రకూటుల్ని దించిన ఏడాదే వేంగిలో జటాచోడ భీముడు రాజు దానార్ణవుణ్ణి చంపి గద్దెనెక్కాడు. దానార్ణవుడి కొడుకు శక్తివర్మ తిరిగి రావడానికి 999 దాకా పట్టింది, అదీ రాజరాజ చోళుడి అండతో.

పాల, ప్రతీహార, రాష్ట్రకూట పోరుకి వేరే పేజీ అక్కర్లేదు. కనౌజ్ కోసం కొట్టుకున్నారు. ధ్రువుడు, మూడో గోవిందుడు ఉత్తరాదికి వెళ్లి గెలిచొచ్చారు, చివరికి కనౌజ్ మిగిలింది ప్రతీహారులకి. స్క్రీనింగ్‌కి అంత చాలు. మిగిలిన టైమ్ శాసనాలకి పెట్టండి, మెయిన్స్ పేపర్-1లో అవే అక్కరకొస్తాయి.