శాలిహుండం కొండ మీద వాన వెలిసిన మర్నాడు

శ్రీకాకుళం నుంచి కళింగపట్నం వైపు వెళ్తే, గార మండలంలో వంశధార దక్షిణపు ఒడ్డున శాలిహుండం కొండ కనిపిస్తుంది. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారే 1919లో ఇక్కడి బౌద్ధ శిథిలాలను గుర్తించి లోకానికి తెలియజేశారు. ఆ స్తూపాలను చూడాలన్న కోరికతోనే శ్రావణ మాసంలో మా మావయ్యతో కలిసి నేను అక్కడికి వెళ్లాను. ముందు రోజు సాయంత్రం మొదలైన వాన రాత్రంతా కురిసి తెల్లవారేసరికి వెలిసింది. మెట్లెక్కి పైకి చేరాక ఒకవైపు ఇటుకల వలయాలు, మరోవైపు సముద్రంలో కలవబోతున్న వంశధార కనిపించాయి. అయితే ఆ రోజు నా దృష్టిని ఎక్కువసేపు నిలిపి ఉంచినవి ఆ రెండూ కావు.

గడ్డి మొలవని గట్టి నేల మీద, బాట అంచున, ముదురాకుపచ్చ రంగులో మెత్తటి ముద్దలు అక్కడక్కడా పరుచుకుని ఉన్నాయి. కూర్చుని ఒకదాన్ని వేలితో తాకి చూశాను. చల్లగా, నునుపుగా ఉంది. నొక్కితే కదిలిందే గాని చేతికి అంటుకోలేదు. మడతలు పడిన దాని అంచులు పలుచగా ఉండటంతో వెలుతురుకు పచ్చగా మెరిశాయి. దానికి వేరు లేదు, కాడ లేదు, ఆకు లేదు; చెప్పుకోదగ్గ వాసన కూడా లేదు. జంతువు విసర్జించినదో, మొక్కో, మరేదైనా పదార్థమో చూపుతో తేల్చుకోవడం సాధ్యం కాలేదు.

కొండ వాలున మేకలు కాసుకుంటున్న ఒక ముసలమ్మను అడిగితే, ఆమె ఏ సందేహమూ లేకుండా సమాధానం చెప్పింది. “వానతో పాటే పైనుంచి పడతాది బాబూ. నిన్న మేకల్ని తోలుకొచ్చినప్పుడు ఇక్కడ ఏటీ నేదు.”

మావయ్య వ్యవసాయ శాఖలో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. ఆయన ఆ మాటను కొట్టిపారేయలేదు. “ఆవిడ చూసింది నిజమేరా. నిన్న ఇది కంటికి ఆనదు. నల్లగా ఎండి, పెచ్చుకట్టి నేలకు అంటుకుని ఉంటుంది. తొక్కుకుంటూ పోతాం. ఇంటికి పద, మా డాబా మీదే చూపిస్తాను” అన్నాడు. పురావస్తు స్థలం నుంచి ఏదీ తీసుకురాకూడదు గనుక, మేము అక్కడ దేనినీ కదపకుండా కిందికి దిగాము.

మావయ్య ఇంటి డాబా మీద, రేకుల కింద వాన పడని మూలలో, సిమెంటు మీద నల్లటి పెళుసు పొరలున్నాయి. గోటితో గీకితే పొడిపొడిగా రాలాయి. వాటిని తెల్ల పళ్లెంలో వేసి, నీళ్లు పోసి, కబుర్లు చెప్పుకుంటూ కూర్చున్నాము. కొన్ని నిమిషాలకే పొరల అంచులు విచ్చుకోవడం మొదలైంది. నలుపు పోయి ఆకుపచ్చ పైకి తేలింది. భోజనాలు ముగించి వచ్చేసరికి కొండ మీద చూసిన ముద్దలే పళ్లెంలో ఉన్నాయి.

దీని పేరు నాస్టాక్. ఇది నీలి ఆకుపచ్చ నాచుల కోవకు చెందినది. పేరుకు నాచు అన్నా, శాస్త్రవేత్తలు దీన్ని బాక్టీరియాగా లెక్కిస్తారు. సూక్ష్మదర్శినిలో చూస్తే జిగురు మధ్య పూసల దండల్లా అల్లుకున్న కణాల వరుసలు కనిపిస్తాయి. నీటిని పట్టి ఉంచేదీ, ఎండిన కాలంలో కణాలను కాపాడేదీ ఆ జిగురే. తడి తగలగానే మొదట శ్వాసక్రియ, తరువాత కిరణజన్య సంయోగక్రియ, అన్నిటికన్నా ఆలస్యంగా నత్రజని స్థాపన, అంటే గాలిలోని నత్రజనిని పట్టుకునే పని, తిరిగి మొదలవుతాయి. ఎండిన నమూనాగా 87 ఏళ్లు భద్రపరిచిన నాస్టాక్ మళ్లీ జీవం పోసుకున్నట్లు 1941లో లిప్‌మన్ అనే శాస్త్రవేత్త ప్రకటించాడు. మనిషి నిండు జీవితమంత కాలం నీటి చుక్క లేకుండా నిలిచిన ప్రాణిని మనం పాచి అని చీపురుతో ఊడ్చేస్తున్నామని తెలిసినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది.

ముసలమ్మ చెప్పినలాంటి మాట ఐరోపాలోనూ శతాబ్దాలుగా ఉంది. అక్కడి పల్లెల్లో వాన తరువాత గడ్డి మీద కనిపించే జిగురును ఆకాశం నుంచి రాలిన నక్షత్రాల అవశేషమని నమ్మేవారు. 2009లో కూడా స్కాట్లాండ్ కొండల్లో అలాంటి ముద్దలు కనబడి పెద్ద చర్చ జరిగింది. అయితే అక్కడ దొరికేదంతా నాస్టాక్ కాదు. ఆడ కప్పను పక్షో జంతువో తిన్నప్పుడు, గుడ్ల చుట్టూ జిగురును తయారుచేసే భాగం బయట పడిపోయి, తేమకు ఎన్నో రెట్లు ఉబ్బి తెల్లటి ముద్దగా మారుతుందన్నది వాటిలో కొన్నింటికి చెప్పే వివరణ. కాబట్టి ఆ తెల్లటి జిగురునూ, మన నేల మీది ఆకుపచ్చ ముద్దనూ ఒకే గాటన కట్టడం సరికాదని నా అభిప్రాయం.

మావయ్యకు మాత్రం నక్షత్రాల కథ కన్నా వరిచేను ముఖ్యం. ఏళ్ల తరబడి ఎరువు వేయకపోయినా వరిమడి ఎంతో కొంత పండటానికి నీలి ఆకుపచ్చ నాచులు గాలిలోని నత్రజనిని పట్టి ఇవ్వడమే కారణమని 1939లో పి.కె.డే అనే భారతీయ శాస్త్రవేత్త వివరించాడు. ఆ తరువాత 1950లో ఆర్.ఎన్.సింగ్ ఉత్తరాదిలోని చౌడు నేలలను ఇవే నాచులతో బాగుచేయవచ్చని రాశాడు. నాస్టాక్ కణాల వరుసలో అక్కడక్కడా మందమైన గోడలున్న ప్రత్యేక కణాలుంటాయి. నత్రజనిని పట్టే ఎంజైము ఆమ్లజని తగిలితే పాడవుతుంది గనుక, దానికి ఆ గోడల చాటున చోటు దొరుకుతుంది. ఉద్యోగంలో ఉన్న రోజుల్లో రైతులకు నాచు ఎరువు పొట్లాలు పంచుతూ ఈ సంగతి వివరించేవాడినని, యూరియా బస్తా చేతికి అందాక వినేవారు తగ్గిపోయారని మావయ్య చెప్పాడు. అది చెబుతున్నప్పుడు ఆయన గొంతులో నిష్ఠూరం కన్నా దిగులే ఎక్కువగా వినిపించింది.

శాలిహుండం వెళ్లదలచినవారు వీలైతే వానాకాలంలోనే, తెరిపి ఇచ్చిన మర్నాటి ఉదయం వెళ్లాలి. ఎండ ముదిరితే ఈ ముద్దలు ముడుచుకుపోయి మళ్లీ నల్లటి పెచ్చులవుతాయి. తడిగా ఉన్నప్పుడు వాటి మీద కాలు వేస్తే జారిపోవడం ఖాయం కాబట్టి, పట్టున్న చెప్పులు వేసుకుని, బాట అంచులు చూసుకుంటూ నడవాలి.