హెవీ లైసెన్సుకు ముందు మరిచిపోవలసినవి

పదకొండేళ్లుగా నేను మా మామయ్యగారి ఇనుప సామాన్ల దుకాణానికి బొలేరో పికప్ బండి నడుపుతున్నాను. విజయవాడలో కొన్న సరుకును ఉయ్యూరు, పామర్రు, గుడివాడ చుట్టుపక్కల ఊళ్లకు చేర్చడం నా పని. ఎంత ఇరుకు సందులోనైనా అరుగుకు జానెడు దూరంలో బండి ఆపగలడన్న పేరు కూడా నాకు ఉండేది. గత ఏడాది మామయ్యగారు పది టైర్ల పాత లారీ ఒకటి కొని, దానికి బయటి డ్రైవరును పెట్టడం ఇష్టం లేక నన్నే హెవీ లైసెన్సు తీసుకోమన్నప్పుడు, ఇంత కాలం బండి నడిపినవాడికి ఆ పరీక్ష ఒక లాంఛనం మాత్రమే అనుకున్నాను. మొదటిసారి నేను తప్పడానికి ఆ పదకొండేళ్ల అలవాటే కారణమైంది కాబట్టి, నాలాగే చిన్న బండి మీద నుంచి లారీకి మారదలచిన వారికోసం ఇది రాస్తున్నాను.

కాగితాల సంగతి త్వరగా ముగిస్తాను. రవాణా వాహనం నడపడానికి 20 ఏళ్లు నిండాలి. తేలికపాటి వాహనపు లైసెన్సు చేతికి వచ్చి కనీసం ఏడాది కావాలి, అప్పుడే హెవీకి ఎల్‌ఎల్‌ఆర్ (నేర్చుకునేవారి తాత్కాలిక లైసెన్సు) ఇస్తారు. ఎల్‌ఎల్‌ఆర్ ఆరు నెలలు చెల్లుతుంది, అది తీసుకున్న 30 రోజుల తరువాతే పరీక్షకు వెళ్లవచ్చు. డాక్టరు సంతకం చేసిన ఫారం 1ఎ, డ్రైవింగ్ స్కూలు వారు శిక్షణ పూర్తయిందని ఇచ్చే ఫారం 5 తప్పనిసరి. ఎనిమిదో తరగతి చదివి ఉండాలన్న పాత నిబంధనను 2019లో తీసివేశారు కాబట్టి, బడి మధ్యలో మానేసి క్లీనర్లుగా చేరినవారు ఇప్పుడు ఆ భయం పెట్టుకోనక్కరలేదు. వైద్య పరీక్షను తేలికగా తీసుకోకండి. మంచి వెలుతురులో 25 మీటర్ల దూరం నుంచి కారు నంబరు ప్లేటు చదవగలగాలి, రంగులు గుర్తించలేని లోపం తీవ్రంగా ఉండకూడదు. నాకు అద్దాలు అవసరమని తెలిసింది ఆ రోజునే.

ఇంకొక మాట కూడా చెప్పాలి, ఎందుకంటే నన్ను చాలామంది అడిగారు. స్థూల బరువు, అంటే సరుకుతో కలిపిన బరువు, 7,500 కిలోల లోపు ఉన్న సరుకు బండిని మామూలు ఎల్‌ఎమ్‌వీ (తేలికపాటి వాహనపు) లైసెన్సుతోనే నడపవచ్చని సుప్రీంకోర్టులోని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 నవంబరు 6న తీర్పు చెప్పింది. అందువల్ల నా పికప్‌కు ఏ ఇబ్బందీ లేదు. అయితే పది టైర్ల లారీ సరుకుతో కలిపి 28.5 టన్నుల వరకు తూగవచ్చు. 2018కి ముందు ఈ హద్దు 25 టన్నులు ఉండేది. ఆ బరువుకు ఈ తీర్పు వర్తించదు.

నేర్చుకోవడం కంకిపాడు దగ్గర మొదలైంది. మా మాస్టారు ముప్పై ఏళ్లకు పైగా కలకత్తా, మద్రాసు దారుల్లో లారీ నడిపి, మోకాళ్లు సహకరించక స్కూలులో చేరినవారు. నెల రోజులపాటు తెల్లవారుజామున ఐదున్నరకు ఆరుగురం ఆరు టైర్ల లారీ ఒకటి ఎక్కి, ఒక్కొక్కరం అరగంట చొప్పున నడిపేవాళ్లం. మిగిలిన సమయమంతా ఎదుటివాడి తప్పులు చూస్తూ కూర్చోవడమే. నిజం చెప్పాలంటే, నా అరగంటలో కంటే ఆ మిగిలిన సమయంలోనే నేను ఎక్కువ నేర్చుకున్నాను.

మొదటి రోజు నన్ను ఇబ్బంది పెట్టింది గేర్లు కాదు, సీటు. పికప్‌కు ముందు ముక్కు ఉంటుంది, మనం ముందు చక్రాల వెనుక కూర్చుంటాం. లారీకి ముక్కు ఉండదు, మన సీటు ముందు చక్రాల పైన, ఇంకా చెప్పాలంటే వాటికి కాస్త ముందుగానే ఉంటుంది. అందుచేత మలుపు దగ్గరకు మన శరీరం ముందు చేరుకుంటుంది, చక్రాలు తరువాత చేరుకుంటాయి. నేను పికప్ లెక్కతో స్టీరింగ్ తిప్పిన ప్రతిసారీ లారీ మలుపును తొందరగా కోసేది, ఎడమవైపు వెనుక టైర్లు రోడ్డు దిగి మట్టిలోకి పోయేవి.

"నువ్వు మలుపు దాటావు అబ్బాయ్, బండి ఇంకా దాటలేదు" అనేవారు మాస్టారు. ఆయన నేర్పిన తీరు నాకు ఇప్పటికీ గుర్తుంది. ఇంటి నుంచి ఒక డబ్బాలో ముగ్గుపిండి తెచ్చి, మలుపు లోపలి అంచున బెత్తెడు వెడల్పుతో తెల్లని గీత పోసేవారు. మలుపు తిప్పి బండి ఆపిన తరువాత, దిగి వెనుక జోడు టైర్లు చూసుకుని రమ్మనేవారు. టైరు అంచున తెలుపు అంటుకుని ఉంటే తొక్కినట్లు, లేకపోతే గట్టెక్కినట్లు. మొదటి వారంలో నా టైర్లు ప్రతి రోజూ సంక్రాంతి వాకిళ్లలా ఉండేవి. రెండో వారంలో ఒక సంగతి అర్థమైంది. లారీ మలుపు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, అవి లోపలికి జరుగుతూ దగ్గరి దారి వెతుక్కుంటాయి, చక్రాల నడుమ పొడవు ఎంత ఎక్కువైతే అంత లోపలికి జరుగుతాయి. మలుపులో లారీ పక్కన సైకిలు మీద ఉన్న మనిషి ఎందుకు నలిగిపోతాడో, అందులో డ్రైవరు ముందు చక్రాలకు ఏ తప్పూ ఎందుకు కనిపించదో ఆ ముగ్గు గీత నాకు చూపించింది.

బ్రేకుల విషయంలో కూడా నా బుర్రలో ఉన్నది తారుమారైంది. పికప్‌లో పెడల్ తొక్కితే నూనె ఒత్తిడితో బ్రేకు పడుతుంది. లారీలో ఆ పని గాలి చేస్తుంది. ఉదయం ఇంజను వేయగానే డాష్‌బోర్డు మీద బజర్ మోగుతూ ఉంటుంది, ట్యాంకుల్లో గాలి నిండి ముల్లు పైకి లేచేదాకా బండిని కదిలించకూడదు. మా బండిలో ముల్లు సుమారు 8 బార్ దగ్గర నిలిచేది, అక్కడికి చేరాక లోపలి నుంచి ఉస్సుమని గాలి వదిలిన శబ్దం వచ్చేది. నన్ను ఆశ్చర్యపరిచింది పార్కింగ్ బ్రేకు. దాన్ని వేసేది గాలి కాదు, గట్టి స్ప్రింగు. గాలి చేసే పని ఆ స్ప్రింగును వెనక్కి నొక్కి పట్టుకోవడం. గాలి పోతే స్ప్రింగు విచ్చుకుని చక్రాలను పట్టేస్తుంది. గొట్టం తెగితే లారీ ఆగకుండా పోతుందని ఇన్నాళ్లూ అనుకున్న నాకు, అది ఉన్నచోటే మొరాయించి కూర్చుంటుందని తెలిసి కొంత ధైర్యం కలిగింది. రోజూ ట్యాంకు కింద వాల్వు లాగి, గాలితో పాటు చేరిన నీటిని వదలడం కూడా మాస్టారు మా చేతనే చేయించేవారు. పరీక్షలో దాన్ని ఎవరూ అడగలేదు.

కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 15వ నిబంధన పరీక్షలో ఏమేమి చూడాలో వరుసగా చెబుతుంది. దాన్ని ఒకసారి చదువుకుని వెళ్లడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే స్కూళ్లలో చాలావరకు ఎనిమిది అంకె ట్రాక్, రివర్స్ మాత్రమే నేర్పి పంపుతారు. ఆ జాబితాలో బాగా ఏటవాలుగా ఉన్న ఎత్తు మీద బండిని ఆపి, వెనక్కి జారకుండా తిరిగి కదిలించడం ఉంది. పల్లంలో దిగేటప్పుడు వెంటనే తక్కువ గేరుకు మారడం, పరిమితమైన జాగాలోకి కుడికైనా ఎడమకైనా రివర్స్ చేయడం, ముందు వెనుక గేర్లతో బండిని ఎదురు దిక్కుకు తిప్పడం కూడా ఉన్నాయి. చిక్కేమిటంటే, మా కృష్ణా డెల్టాలో ఎత్తు అంటే కాలువ వంతెనే. అందుకని మాస్టారు బందరు కాలువ మీద ఒక పాత వంతెన ఎంచుకుని, ధాన్యం ట్రాక్టర్ల రద్దీ మొదలుకాక ముందే మమ్మల్ని అక్కడికి తీసుకువెళ్లేవారు. హ్యాండ్ బ్రేకు మీద బండిని నిలిపి, క్లచ్ మెల్లగా వదులుతూ, ఇంజను గొంతు బరువెక్కి క్యాబిన్ సన్నగా వణకడం మొదలైనప్పుడు మాత్రమే బ్రేకు వదలాలి. ఆ వణుకు మొదట నడుముకు తెలుస్తుంది, చెవికి తరువాత. పికప్‌లో నేను ఎత్తుల మీద క్లచ్ సగం తొక్కి బండిని ఊయలలా పట్టుకునేవాణ్ణి. ఆ పని లారీలో చేస్తే క్లచ్ ప్లేటు కాలిన వాసన వంతెన దిగేదాకా వెంట వస్తుంది, వచ్చింది కూడా.

రివర్స్‌లో నాకు కష్టం కలగలేదు. క్లీనరు "రానీ, రానీ" అంటూ ఉంటే ఎవరికైనా సులువే. పరీక్షలో క్లీనరు ఉండడు కాబట్టి అద్దాలతోనే చేయమని మాస్టారు పట్టుబట్టారు, అంతే తేడా.

పరీక్ష రోజున బ్రేక్ ఇన్‌స్పెక్టరుగారు (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టరు) నా పక్క సీటులో కూర్చున్నారు. ఎత్తు మీద బండి ఒక్క అంగుళం కూడా జారలేదు, రివర్స్ కూడా సరిగానే కుదిరింది. ఇక అయిపోయిందనుకున్న చోట ఎడమ మలుపు వచ్చింది. నేను ముందు ఇండికేటరు వేశాను, తరువాత అద్దం చూశాను, ఆ ఆలస్యంలో స్టీరింగ్ ముందుగానే తిప్పేశాను. వెనుక టైరు అంచు గీతను తొక్కింది. ఆయన కేకలు వేయలేదు. "అద్దం ఎప్పుడు చూశారు?" అని మాత్రం అడిగారు. నేను జవాబు వెతుక్కుంటూ ఉండగానే కాగితం మీద ఏదో రాసుకున్నారు. సైగ ఇచ్చే ముందే అద్దం చూడాలని ఆ 15వ నిబంధనలో స్పష్టంగా ఉంది, నేను చదివాను కూడా. అయితే పికప్‌లో పదకొండేళ్లు ముందు ఇండికేటరు, తరువాత అద్దం, ఒక్కొక్కసారి అద్దమే లేకుండా నడిపిన చేతికి ఆ చదువు ఎక్కలేదు.

తప్పినవారు ఏడు రోజుల తరువాత మళ్లీ పరీక్షకు వెళ్లవచ్చు. మూడుసార్లు తప్పితే మాత్రం 60 రోజులు ఆగవలసి ఉంటుంది. ఆ ఏడు రోజులూ నేను లారీ ఎక్కింది రెండుసార్లే. మిగిలిన సాధన అంతా నా పికప్‌లోనే చేశాను, ఎందుకంటే జబ్బు ఉన్నది అక్కడే. ప్రతి మలుపుకు ముందు "అద్దం, సైగ, మలుపు" అని పైకి అంటూ సరుకు చేరవేశాను. పక్కన కూర్చున్న హమాలీ కుర్రాడు రెండో రోజుకు నాకంటే ముందుగా "అద్దం" అనడం మొదలుపెట్టాడు. అతనికి లైసెన్సే లేదు.

రెండోసారి అదే ట్రాక్, అదే ఎడమ మలుపు. అద్దంలో వెనుక టైరు గీతకు మూరెడు దూరంలో తిరగడం చివరిదాకా చూస్తూ బండి తిప్పాను. ఇన్‌స్పెక్టరుగారు ఈసారి ఏమీ అడగలేదు. లైసెన్సులో చేర్చిన ఈ రవాణా అర్హత ఐదేళ్లు చెల్లుతుంది, ఆ తరువాత మళ్లీ వైద్య పరీక్షతో రెన్యూవల్ చేయించుకోవాలి.

ఆ సాయంత్రం పికప్‌లో ఇంటికి వచ్చి, మా సందు మొదట్లో కుడివైపుకు బాగా జరిగి, పెళ్లి బస్సు తిప్పినట్లు తిప్పి గేటులోకి తెచ్చాను. వాకిట్లో మా ఆవిడ పొద్దున వేసిన ముగ్గు ఇంకా చెరగకుండా ఉంది. బండి దిగి, వంగి, వెనుక టైరు చూసుకున్నాను.

"ఏమండీ, గాలి పోయిందా?" అని లోపలి నుంచి అడిగింది.

లేదన్నాను. టైరు నల్లగానే ఉంది.