64 సీసాలు, ఒక వేపచెక్క స్టాండు

కావలిలో మా ఇంటి ముందుగదే నా పార్లర్. పెట్టి ఆరేళ్లయింది. ఐబ్రోస్, ఫేషియల్, ముహూర్తాలు మొదలైతే పెళ్లికూతురి మేకప్. నెలకి ఒకటో రెండో నెయిల్ పాలిష్ సీసాలు కొంటూ వచ్చాను. మొన్న సంక్రాంతి ముందు కూర్చుని లెక్కపెడితే 64 తేలాయి. అవన్నీ అప్పటిదాకా రెండు రేకు బిస్కెట్ డబ్బాల్లో ఉండేవి.

డబ్బా మూత తీస్తే పైనుంచి కనపడేవి సీసాల మూతలే. ముప్పావు వంతు మూతలు నల్లవి. ఎవరైనా వచ్చి "అక్కా, రాణి రంగులో కొంచెం ముదురుది పెట్టవా" అంటే ఒక్కో సీసా పైకెత్తి చూసుకోవాలి. వెతుకులాటలో కొన్ని పక్కకి ఒరిగిపోతాయి. ఒరిగిన సీసాలో రంగు మెడ దాకా వచ్చి మూత చుట్టూ గడ్డకడుతుంది. ఆ తర్వాత మూత రాదు. డిసెంబర్‌లో ఒక పెళ్లి ఇంటివాళ్లు కూర్చుని ఉండగా అలా బిగుసుకున్న మూతని గట్టిగా తిప్పాను. మూత రాలేదు, సీసా మెడే విరిగింది. చూపుడు వేలు తెగింది. రక్తం, మెరూన్ రంగు కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. పెళ్లికూతురు భయపడిపోయింది. ఆ రోజే అనుకున్నాను, వీటికి నిలబడే చోటు ఒకటి చూడాలని.

అంతకుముందు ఆన్‌లైన్‌లో ఒక ప్లాస్టిక్ స్టాండు తెప్పించాను. అద్దంలా ఉండేది, మెట్లు మెట్లుగా. గోళ్ల రంగు తీసే రిమూవర్ రెండు చుక్కలు పడ్డాయి, అంతే, పడినచోట తెల్లగా మసకబారిపోయింది. ఎంత తుడిచినా పోలేదు. రిమూవర్‌లో ఉండే అసిటోన్ ఆ రకం ప్లాస్టిక్‌ని కరిగిస్తుందని అప్పుడు తెలిసింది.

మా నాయన వడ్రంగి. మా ఊరు వింజమూరు దగ్గర. దర్వాజాలు, కిటికీలు, మంచాలు, ఎద్దుల బండ్లు ఉన్న రోజుల్లో బండి పనులు, అన్నీ చేశాడు. ఇప్పుడు వయసు మీదపడి కూలికి పోవడం లేదు. సామాను గోనెసంచిలో చుట్టి కొట్టం అటక మీద పెట్టాడు. ఫోన్ చేశాను.

"నాయనా, చిన్న చెక్క స్టాండు కావాల."

"దేనికమ్మే?"

"గోళ్ల రంగు సీసాలకి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. "సీసాలు ఎత్తుకోని రా. చూడకుండా ఎట్టా చెప్పేది?" అన్నాడు.

నా పని గురించి మా నాయన ఎప్పుడూ చెడ్డగా అన్నది లేదు. కానీ అడిగిందీ లేదు. ఎవరైనా అడిగితే "మా పాప కావలిలో రంగుల పని చేస్తది" అనేవాడు. అందుకే ఆ మాటకి నాకు ఎంత సంతోషమయ్యిందో చెప్పలేను. రకానికి ఒకటి చొప్పున తొమ్మిది సీసాలు టవల్‌లో చుట్టుకుని, ఆదివారం పొద్దున్నే కలిగిరి మీదుగా పోయే బస్సెక్కాను.

అరుగు మీద కూర్చుని తొమ్మిదింటినీ వరసగా పెట్టించాడు. కళ్లజోడు పెట్టుకుని, స్టీలు స్కేలుతో ఒక్కోదాని ఎత్తు, అడుగుభాగం వెడల్పు చూసి పాత క్యాలెండర్ కాగితం వెనక రాసుకున్నాడు. పొట్టిది రెండుంబావు అంగుళాలు. పొడుగుది మూడుంబావు. అడుగుభాగం వెడల్పు ఎక్కువ ఉన్నది అంగుళం మీద ఒక నూలు. వడ్రంగుల లెక్కలో నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. గుండ్రటివి, నాలుగు పలకలవి, నడుము సన్నగా ఉన్నవి, దేన్నీ వదల్లేదు. సీసా పక్కన సీసా పెట్టి, మధ్యలో తన వేలు దూర్చి చూశాడు. "ఇరుకు పెడితే ఒకటి తియ్యబోతే పక్కది పడతది. ఒక్కోదానికి ఒకటింబావు అంగుళం ఇడువు" అన్నాడు. ఎత్తుకీ అంతే. పొడుగు సీసా మూడుంబావు, దాని మీద వేళ్లు పట్టడానికి ముప్పావు, అరకీ అరకీ మధ్య నాలుగు అంగుళాలు.

కొలుస్తూ కొలుస్తూ ఒక సీసాని వెలుతురుకి పెట్టి "ఇది ఎందుకమ్మే అడుగున పేరుకోని ఉండాది?" అని అడిగాడు.

నాకు తెలిసిందంతా చెప్పాను. రంగుపొడి బరువు కాబట్టి కిందికి దిగుతుందని, వాడే ముందు రెండు అరచేతుల మధ్య దొర్లించాలని, గిలక్కొడితే బుడగలొచ్చి గోరు మీద గుంటలు పడతాయని. సీసాలో టకటకమనే చిన్న ఉక్కు గుండు రంగు కలవడానికేనని. మూత వదులైతే అందులోని ద్రవం గాలికి ఎగిరిపోయి చిక్కబడుతుందని, చిక్కబడితే రిమూవర్ పొయ్యకూడదు, రంగుని పలచన చేసే థిన్నరే రెండు మూడు చుక్కలు వెయ్యాలని. నిప్పుకి దగ్గర పెడితే అంటుకుంటుందని కూడా చెప్పాను. ఎండ తగిలితే కొన్ని రంగులు, ముఖ్యంగా నియాన్‌వి, వెలిసిపోతాయి. మా నాయన ప్రతి మాటకీ తలూపుతూ విన్నాడు. "అయితే కిటికీకి ఎదురుగా కొట్టబాక. నీ మైనం కాచే పొయ్యికి కూడా దూరంగా" అన్నాడు. వ్యాక్స్ హీటర్‌ని ఆయన పొయ్యి అనే అంటాడు. నా పనిలో ఏ సామాను ఎక్కడుంటుందో ఆయన మనసులో పెట్టుకున్నాడని నాకు తెలియదు.

చెక్క వేపది. 2020 నవంబర్‌లో నివర్ తుఫాను వానలకి మా దొడ్లో వేపచెట్టు వేళ్లతో సహా ఒరిగిపోయింది. దాని మొద్దుని అప్పుడే పలకలు కోయించి కొట్టంలో, కింద ఇటుకలు, పలకకీ పలకకీ మధ్య బద్దలు పెట్టి గాలాడేలా పేర్చి ఉంచాడు. అన్నేళ్లు నీడన ఆరింది. పచ్చి చెక్కతో చేస్తే ఆరేకొద్దీ వంకరపోతుంది, అరలు బిగుసుకుంటాయి, లేకపోతే విడిపోతాయి. టేకు అయితే ఇంకా నాజూకుగా వచ్చేదేమో. కానీ ఆ చెట్టు కింద నేను తొక్కుడుబిళ్ల ఆడాను. పైగా వేపకి పురుగు అంత తొందరగా పట్టదు. వింజమూరులో సా మిల్లుకి తీసుకుపోయి పక్కపలకలకి ముప్పావు అంగుళం మందం, అరలకి అర అంగుళం మందం కోయించాం. రెండున్నర అంగుళాల వెడల్పు. సీసా వెనక సీసా పెడితే మళ్లీ వెతుకులాటే కాబట్టి ఒక్క వరస చాలు.

చిత్రిక పట్టి పలకలు నున్నగా చేసింది నేనే. చిన్నప్పుడు మా నాయన చిత్రిక పడుతుంటే కింద రాలిన పొట్టు ఎత్తి గంపకి పోసి పొయ్యి దగ్గర పెట్టడం వరకే నా పని. చుట్టలు చుట్టలుగా పడే ఆ పొట్టు వాసన నాకు ఇప్పటికీ ఇష్టం. పనిముట్టు మాత్రం నా చేతికి ఎప్పుడూ రాలేదు, అన్నకి వచ్చింది. ఈసారి మా నాయన చేతులు వణుకుతున్నాయి. "నువ్వే పట్టు" అని ఇచ్చాడు. మొదట చిత్రిక చెక్కని పట్టి లాగింది, పీచు లేచింది. ఆయన పలకని తిరగేసి రెండోవైపు నుంచి పట్టమన్నాడు. ఈసారి కాగితంలా పలచగా, పొడుగ్గా వచ్చింది పొట్టు. చెక్క పీచు ఎటు పడుకుని ఉందో అటే పోవాలట. కాళ్ల మీద వ్యాక్స్ లాగేటప్పుడు వెంట్రుక ఎటు ఉందో చూసుకునే అలవాటు నాకుంది కాబట్టి ఆ మాట వెంటనే పట్టుకున్నాను.

తప్పు కోతలో జరిగింది. స్టాండు వెడల్పు మొత్తం 24 అంగుళాలు అనుకున్నాం. పక్కపలకలు రెండూ కలిపి ఒకటిన్నర పోతే లోపల 22న్నర. నేను ఆ లెక్కతోనే ఆరు అరలూ 22న్నరకి కోసేశాను. మా నాయన భోజనం చేసి వచ్చి చూసి "గాడి లెక్క ఏదమ్మే?" అన్నాడు. మేకులు కొట్టి అరలు నిలబెట్టడం ఆయనకి నచ్చదు. పక్కపలకలో పావు అంగుళం లోతు గాడి తీసి అర చివర అందులో కూర్చోబెట్టాలి. బరువు గాడి మీద పడుతుంది, మేకు మీద కాదు. అంటే అరలు 23 అంగుళాలు ఉండాలి. నాకు ఏడుపొచ్చినంత పనైంది, చెట్టు మళ్లీ రాదు కదా. ఆయన కాసేపు క్యాలెండర్ కాగితం చూసి, "స్టాండునే అరంగుళం తగ్గిద్దాం" అన్నాడు. లోపల 22 అయ్యింది. వరసకి 18 అనుకున్నవి 17 అయ్యాయి. నాలుగు వరసలకి 68. నా దగ్గరున్నవి 64. అప్పుడు గుండె కుదుటపడింది.

అన్నిటికన్నా కింది అర మాత్రం ఆరున్నర అంగుళాల ఎత్తు పెట్టాం, రిమూవర్, టోనర్, రోజ్ వాటర్ లాంటి పొడుగు సీసాలకి. మొత్తం ఎత్తు 25న్నర అంగుళాలు.

గాడులు తియ్యడానికి రెండు పూటలు పట్టింది. రంపంతో రెండు గీతలు కోసి, మధ్యలోది ఉలితో తీసెయ్యడం. ఉలిని సుత్తితో గట్టిగా కొట్టకుండా, అరచేత్తో నెట్టాలి. సీసాలు ముందుకి జారకుండా ప్రతి అరకీ ముందు అర అంగుళం ఎత్తు బద్ద వేశాం. బద్ద ఇంకా ఎత్తయితే రంగు కనపడదు. బద్దల అంచులు ఆకురాయితో గుండ్రంగా తీశాను. ఆ ఆకురాయి మా నాయన ఉదయగిరిలో చెక్క గరిటెలు, స్పూన్లు చేసేవాళ్ల దగ్గర చూసి కొన్నది. కొండ మీది నర్ది అనే చెట్టు కర్రతో వాళ్లు చేసే స్పూన్లకి జీఐ, అంటే ఆ ప్రాంతపు సరుకే అని చెప్పే భౌగోళిక గుర్తింపు ఉంది. ఆ స్పూను అంచుల మీద వేలు పెట్టి చూసినవాళ్లకి తెలుస్తుంది ఆకురాయి ఎంత పని చేస్తుందో. రోజుకి యాభైసార్లు నా చెయ్యి ఆ బద్ద మీంచే పోతుంది, నాకు అది నున్నగా ఉండాల్సిందే.

చెక్కకి పాలిష్ వేసే దగ్గర ఒక్కరోజు ఆగమన్నాను. ప్లాస్టిక్ స్టాండు గుర్తుంది కదా. రెండు వేప ముక్కలు తీసుకుని ఒకదానికి ఇంట్లో ఉన్న చెక్క పాలిష్, ఇంకోదానికి అవిసె నూనె పట్టించి, ఆరాక రెండింటి మీదా రిమూవర్ చుక్కలు వేశాను. పాలిష్ ముక్క జిగురుజిగురుగా అయ్యి వేలి ముద్ర పడింది. చెక్కకి వాడే కొన్ని పాలిష్‌లలోనూ, గోళ్ల రంగులోనూ పొర కట్టేది ఒకటే పదార్థం, నైట్రోసెల్యులోజ్. గోరు మీద పోయేది చెక్క మీద ఎందుకు ఆగుతుంది? నూనె ముక్క మీద చిన్న మరక పడింది, ఎమరీ పేపర్‌తో రుద్ది మళ్లీ నూనె రాస్తే పోయింది. నూనెకే ఓటు వేశాం. రెండుసార్లు పలచగా రాసి, మిగిలింది తుడిచేసి వారం ఆరనిచ్చాం. తుడిచిన గుడ్డని నేను ఉండచుట్టి మూలకి వెయ్యబోతే మా నాయన ఒక్క కేక వేశాడు. "అట్ట పెట్టబాక, కాలిపోతది!" అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. గుడ్డ ముద్దగా ఉంటే ఆ వేడి బయటికి పోక దానంతటదే అంటుకోవచ్చు. పరిచి దండెం మీద ఆరేసి, బాగా ఆరాకే పారెయ్యాలి. మీలో ఎవరైనా ఈ నూనె వాడితే దయచేసి ఇది మర్చిపోకండి.

రిమూవర్ ఉండే కింది అరలో అద్దాల షాపులో కోయించిన అద్దం బద్ద పరిచాను. అసిటోన్ అద్దాన్ని ఏమీ చెయ్యదు. వెనక పలచటి ప్లైవుడ్ కొట్టి తెల్ల రంగు వేశాను. తెలుపు ముందు పెడితే సీసాలో రంగు ఉన్నదున్నట్టు కనపడుతుంది. గోడ రంగు ముందు లేత గులాబీ ఎప్పుడూ మోసం చేసేది.

కావలికి స్టాండుతో పాటు మా నాయన కూడా వచ్చాడు. పాత గోడ, డ్రిల్ పెడితే మొదటి చోట ఇటుకల మధ్య సందులో పడి ఇసుక రాలింది. అంగుళం జరిపి ఇటుకలో వేస్తే ప్లగ్ గట్టిగా పట్టుకుంది. స్టాండు తగిలించాక మా నాయన వెనక్కి నడిచి, ఒక కన్ను మూసి చూసి, నిటారుగా లేదన్నాడు. నాకు బాగానే కనపడింది. నిటారుగా ఉందో లేదో దారం కట్టి చూసే గుండు ఊళ్లో మర్చిపోయి వచ్చాడు. బల్ల మీదున్న సీసాల్లో ఒకటి, బరువుగా ఉన్న మెరూన్‌ది, తీసుకుని ఐబ్రోస్ చేసే దారం తెంపమన్నాడు. దాన్ని మూత కింద మెడకి ముడివేసి స్టాండు పక్కన వేలాడదీశాడు. సీసా ఊగి ఊగి ఆగింది. అడుగున పక్కపలక దారానికి ఒక నూలు దూరం పోయింది. కుడివైపు స్క్రూ కొంచెం వదులు చేసి జరిపించాడు. ఈసారి దారం, చెక్క అంచు పైనుంచి కిందిదాకా ఒక్కటిగా నిలబడ్డాయి.

సాయంత్రం సీసాలన్నీ సర్దాను, లేత రంగుల నుంచి ముదురు రంగుల దాకా. మా నాయన మంచం మీంచి చూస్తూనే ఉన్నాడు. మెరూన్ మూడో వరస చివర ఉంటుంది. దాని మెడకి ఆ తెల్లదారం ఇంకా అలాగే ఉంది, తియ్యలేదు.