ఎంత బిగించాలి?

మా ఇంట్లో మరమ్మతుకు వచ్చే వస్తువుల్లో చాలావాటిని చెడగొట్టేది వదులు కాదు, అతిగా బిగించడమే. బెంగళూరులో కాపురం పెట్టినప్పటి నుంచి కొళాయిలు, కుట్టు మిషను, ఊలు అల్లిక అన్నీ నా చేతి కిందే ఉన్నాయి కనుక ఈ మాట కాస్త ధైర్యంగానే అంటున్నాను.

పాత రకం కొళాయిలో నీటిని ఆపేది పైకి కనిపించే ఇత్తడి కాదు, లోపలుండే చిన్న రబ్బరు వాషరు. మూసినా చుక్కలు పడుతున్నాయంటే సాధారణంగా ఆ వాషరు అరిగిందనే అర్థం. అప్పుడు బలంకొద్దీ తిప్పితే వాషరు నలిగి చీలడమే కాక, అది ఆనుకునే ఇత్తడి అంచు కూడా క్రమంగా పాడవుతుంది. ఇక కొత్త వాషరు వేసినా కారడం ఆగదు. మా వీధికి వచ్చే ప్లంబరు హిందూపురం వైపు మనిషి. పిడి విప్పి చూసి, "అక్కా, ఎవరో బాగా బలమున్నోళ్లు తిప్పినారు దీన్ని" అన్నాడు. ఆ బలమున్నవారు హాల్లో పేపరు చాటున కూర్చుని వింటున్నారు కనుక నేను మారు మాట్లాడలేదు.

ఈ ఊళ్లో ఇంకో చిక్కు బోరు నీళ్లు. ఆ నీటిలోని సున్నం మరల మీద పేరుకుని పిడి బిరుసెక్కుతుంది. మూసుకుందో లేదో చేతికి తెలియక మనం ఇంకో చుట్టు తిప్పుతాం. 2024 మార్చిలో నీటి కరువు ముదిరినప్పుడు జలమండలి అపార్టుమెంట్లు, హోటళ్ల వంటి చోట్ల కొళాయిలకు ఏరేటర్లు, అంటే నీటిలో గాలి కలిపి వాడకం తగ్గించే చిన్న జాలీలు, తప్పనిసరి చేసింది. ఆ జాలీలకూ ఇదే తెల్లటి పొర పడుతుంది. విప్పి వెనిగర్‌లో కాసేపు నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో తోమితే శుభ్రపడతాయి. తిరిగి బిగించడానికి చేతి వేళ్లు చాలు, పానా అవసరం లేదు. పైపు మరలకు టెఫ్లాన్ టేపు వేయవలసి వస్తే, మర ఉన్న కొసను మన వైపు తిప్పి పట్టుకుని, గడియారం ముల్లు తిరిగే దిక్కుకే చుట్టాలి. ఎదురు చుట్టిన టేపు బిగించే కొద్దీ ఊడి ముద్దకడుతుంది.

తలుపు బందుల మర మేకులు వదులైనప్పుడు కూడా స్క్రూడ్రైవరుతో కుస్తీ పట్టి లాభం లేదు, ఎందుకంటే చెక్కలో రంధ్రమే పెద్దదై ఉంటుంది. మందు తుంచేసిన అగ్గిపుల్లలను ఫెవికాల్‌లో ముంచి ఆ రంధ్రంలో కూరి, ఆరాక మర ఎక్కిస్తే పట్టు దొరుకుతుంది.

కుట్టు మిషను దగ్గరికి వస్తే బిగువు మరీ సున్నితమైన వ్యవహారం. పైదారమూ, అడుగున బాబిన్ అనే చిన్న చుట్ట నుంచి వచ్చే దారమూ బట్ట మందంలో, మధ్యలో కలుసుకుంటేనే కుట్టు సరిగా పడినట్టు. బట్ట అడుగున దారం వలలా చిక్కుపడితే అందరూ బాబిన్‌ను అనుమానించి, దాని చిన్న మరను తిప్పేస్తారు. దోషం దాదాపు ఎప్పుడూ పైన ఉంటుంది: పైదారం, దాన్ని నొక్కి పట్టే బిగువు బిళ్లల మధ్య కూర్చోలేదన్నమాట. బట్టను నొక్కే పాదం కిందికి దించి ఉంటే ఆ బిళ్లలు మూసుకుని ఉంటాయి కనుక, పాదం పైకెత్తి మొదటి నుంచి దారం ఎక్కించుకోవడం అన్నిటికంటే ముందు చేయవలసిన పని. అప్పటికీ కుదరకపోతేనే బాబిన్‌ను పరీక్షించాలి. బాబిన్ కూర్చునే డబ్బీని, అంటే బాబిన్ కేసును, దారంతో వేలాడదీస్తే దానంతట అది జారకూడదు. చేతిని చిన్నగా విదిలిస్తే కాస్త జారి ఆగాలి. జారిపోతుంటే కేసు మీది చిన్న మరను పావు చుట్టు కంటే తక్కువే బిగించి మళ్లీ చూడాలి.

చీరకు ఫాల్ కుట్టేటప్పుడు ఈ విషయం ఇంకా బాగా బయటపడుతుంది. నూలు ఫాల్‌ను ముందుగా తడిపి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి కుట్టకపోతే మొదటి ఉతుకులోనే అది కుంచించుకుని చీర అంచును ముడతలు పెడుతుంది. చేతి కుట్టు లాగి కుట్టినా ఫలితం అదే. మా అత్తయ్యగారు ప్రతి జానెడు దూరానికీ ఆగి, కుట్టిన భాగాన్ని బొటనవేలితో నిమిరి సాగదీస్తారు. దారం తనకు కావలసినంత వదులు తానే తీసుకుంటుందని ఆవిడ లెక్క. చీరలకు ఫాల్ వేసే దుకాణాల్లో అంత తీరిక ఎవరికీ ఉండదు, అందుకే పట్టుచీరలు నేను బయట ఇవ్వను.

ఇక ఊలు. సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరికి డిసెంబరు, జనవరి రాత్రుల్లో స్వెట్టరు నిజంగానే అవసరం కనుక, ఇక్కడ అల్లిక వృథా కాలక్షేపం కాదు. నమూనాలో 10 సెంటీమీటర్లకు 20 కుట్లు అని ఉండి, నా బిగి చేతికి 22 పడితే, 60 సెంటీమీటర్ల ఛాతీ ఉన్న పిల్లవాడి కోసం వేసిన 120 కుట్లు 55 సెంటీమీటర్లు కూడా రావు. స్వెట్టరు ఆ పిల్లవాడి తమ్ముడికి సరిపోతుంది. అందుకే ముందు ఒక చదరపు ముక్క అల్లి, ఉతికి ఆరబెట్టి కొలుచుకోవాలి. బిగి ఎక్కువైతే చేతిని మార్చుకోవడం కష్టం, సూదులు మార్చుకోవడం తేలిక. అయితే మన దుకాణాల్లో సూదుల మీద తరచు కనిపించేవి పాత బ్రిటిష్ అంకెలు. వాటిలో అంకె పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 10వ నంబరు 3.25 మిల్లీమీటర్లయితే 8వ నంబరు 4 మిల్లీమీటర్లు. వదులు కావాలంటే చిన్న అంకె అడగాలి.

మెడ పట్టీ దగ్గర మాత్రం, అల్లిక అంతా సరిగా కుదిరినా, కుట్లు మూసే చివరి వరుసకు ఇంకా లావు సూది పట్టుకోవాలి. అక్కడ బిగిస్తే పిల్లల తల దూరదు. దూరకపోయినా కంగారు లేదు; ఆ ఒక్క వరుసే విప్పి, వదులుగా మళ్లీ మూస్తే సరిపోతుంది.