పక్క సీటుకి వచ్చిన మెయిలే

ఇంట్లో దీపాలు ఆరిపోయి గంటయింది. నాకు మాత్రం చెవిలో జోరీగ. బయటి నుంచి వచ్చిన ఒకే మెయిల్, ఆఫీసులో ఒకేసారి ఇద్దరికి. ఆయనకి ఇన్‌బాక్స్‌లో పడింది, పక్క సీటులో ఆవిడకి జంక్‌లో పడింది. అదేం న్యాయం?

ఇలాంటప్పుడు మొదటి తిట్లు మైక్రోసాఫ్ట్ మెయిల్ సర్వర్‌కే. కానీ హెడర్ (మెయిల్ వెంట వచ్చే దారి వివరాల చిట్టా) చూస్తే దాని తప్పేం కనబడదు. క్లాసిక్ అవుట్‌లుక్‌లో మెయిల్‌ని విడి కిటికీలో తెరిచి, ఫైల్, ప్రాపర్టీస్‌లోకి వెళ్తే అడుగున ఇంటర్నెట్ హెడర్స్ ఉంటాయి. ఎక్స్-ఫోర్‌ఫ్రంట్-యాంటీస్పామ్-రిపోర్ట్ అనే చాంతాడంత లైనులో ఎస్‌సీఎల్ (స్పామ్ అనుమానానికి వేసే మార్కు) 1, ఎస్‌ఎఫ్‌వీ (వడపోత తీర్పు) దగ్గర ఎన్‌ఎస్‌పీఎం (స్పామ్ కాదు) అని ఉంది. అంటే సర్వర్ చూసి, మంచిదేనని వదిలింది. ఆ మార్కు 5, 6 అయితే స్పామ్. 9 అయితే ఖాయంగా స్పామ్. మైనస్ 1 అయితే అసలు చూడొద్దని ఎవరో ముందే చెప్పి ఉంచినట్టు. ఎస్‌ఎఫ్‌వీ దగ్గర బీఎల్‌కే ఉంటే ఆవిడే ఆ పంపినాయన్ని బ్లాక్ చేసుకున్నట్టు. ఇక్కడ అదీ లేదు. ఇక మిగిలింది ఇంటిదొంగే.

అనుమానం ముందు అవుట్‌లుక్ సొంత వడపోత మీద. హోమ్‌లో జంక్, జంక్ ఈమెయిల్ ఆప్షన్స్‌ అని నొక్కితే నాలుగు మెట్లు కనిపిస్తాయి: ఆటోమేటిక్ ఫిల్టరింగ్ వద్దు, లో, హై, సేఫ్ లిస్ట్స్ ఓన్లీ. ఒకప్పుడు "హై పెట్టుకోండి, హాయిగా ఉంటుంది" అని అందరికీ చెప్పేవాళ్ళం. అప్పట్లో అది మంచి మాటే. లో, హై రెండిటి వెనకా పనిచేసేది స్మార్ట్‌స్క్రీన్ అనే మైక్రోసాఫ్ట్ స్పామ్ వడపోత. దానికి కొత్త స్పామ్ లక్షణాలు నేర్పడం 2016 నవంబరు 1 నుంచి మానేశారు. ఆ మీట మాత్రం మెనూలో అలాగే ఉంది. ఎప్పుడో హై పెట్టుకుని మర్చిపోయినవాళ్ళ ఉత్తరాల్ని ఆనాటి పాఠాలతోనే ఈనాటికీ వడకడుతోంది. సర్వర్‌లో వడపోత ఉన్నప్పుడు ఇది మొదటి మెట్టు మీదే ఉండాలి.

సేఫ్ లిస్ట్స్ ఓన్లీ ఇంకా గడుసుది. జాబితాలో పేరు లేనివాళ్ళంతా జంక్‌కే. దీన్ని అడ్మిన్ తన సీటు నుంచే చూడొచ్చు. పవర్‌షెల్‌లో (ఆజ్ఞలు టైపు చేసే కిటికీ) గెట్-మెయిల్‌బాక్స్‌జంక్‌ఈమెయిల్‌కాన్ఫిగరేషన్ కొట్టి, ట్రస్టెడ్‌లిస్ట్స్‌ఓన్లీ ఎదురుగా ట్రూ ఉంటే కథ అక్కడితో సరి.

అసలు ఒళ్ళు మండేది వేరేచోట. ఒక మెయిల్ జంక్‌లో పడగానే "ఆ డొమైన్‌ని అలౌడ్ లిస్టులో వేసెయ్యండి" అంటారు. అంటే అడ్రసులో @ తర్వాత ఆ పేరున్న మెయిళ్ళని వడకట్టకుండా వదిలెయ్యమని. వేసేస్తే ఆ పేరు పెట్టుకుని ఎవడు రాసినా వాడికి ఎర్ర తివాచీ పరిచినట్టే. మాల్వేర్, ఖాయంగా ఫిషింగ్ అని తేలినవి తప్ప మిగతావన్నీ దర్జాగా లోపలికి వస్తాయి. కొందరు సొంత ఆఫీసు డొమైన్‌నే అందులో పెడతారు! స్కానర్ పంపే మెయిళ్ళు జంక్‌లో పడుతున్నాయని. స్కానర్ ఐపీని ఎస్‌పీఎఫ్ రికార్డులో (మన డొమైన్ పేరుతో మెయిల్ పంపదగ్గ ఐపీల జాబితా) చేర్చరు గానీ, యజమాని పేరుతో వచ్చే దొంగ మెయిళ్ళకి తలుపు మాత్రం బార్లా తీస్తారు. ఆ రికార్డులో కూడా ఇష్టమొచ్చినన్ని ఇంక్లూడ్‌లు (వేరేవాళ్ళ జాబితాల్ని కలుపుకునే పదాలు) తగిలిస్తే డీఎన్ఎస్ వెతుకులాటలు 10 దాటి, మొత్తం రికార్డే చెల్లక పెర్మ్‌ఎర్రర్ అయి కూర్చుంటుంది. ఐపీ4 అని అడ్రసు నేరుగా రాసింది ఆ లెక్కలోకి రాదు. స్కానర్‌కి ఆ ఒక్క ముక్క చాలు.

అలౌడ్ లిస్టు జోలికి ఎప్పుడూ పోవద్దని రాయబోయాను. ఆ జాబితా విషయంలో ఇప్పటికీ అదే మాట. కానీ మినహాయింపే వద్దనడం మొండితనం అవుతుంది. మెయిల్ ఫ్లో రూల్‌లో (సర్వర్ దాటే మెయిళ్ళకి అడ్మిన్ పెట్టే నియమం) రెండు షరతులు కలిపి పెట్టొచ్చు: పంపినవాళ్ళ డొమైన్ ఫలానాది కావాలి, ఆథెంటికేషన్-రిజల్ట్స్ హెడర్‌లో డీమార్క్ పాస్ (పంపింది నిజంగా ఆ డొమైన్‌వాళ్ళే అని తేలినట్టు) అని ఉండాలి. రెండూ కుదిరితేనే ఎస్‌సీఎల్ మైనస్ 1. పేరు మాత్రమే అరువు తెచ్చుకున్నవాడు రెండో షరతు దగ్గర ఆగిపోతాడు. కాకపోతే మన సర్వర్‌కి ముందు మెయిళ్ళు దాటే గేట్‌వే ఇంకోటి ఉంటే, ఎస్‌పీఎఫ్‌కి కనిపించేది ఆ గేట్‌వే ఐపీయే. నిజమైనవాళ్ళు కూడా ఆ పరీక్ష తప్పొచ్చు.

ఇంత రాశాక తోస్తోంది, హెడర్ కంటే ముందు చెయ్యాల్సిన తేలిక పరీక్ష ఒకటుంది. ఆవిడ అవుట్‌లుక్ మూసి ఉండగా అదే మనిషి చేత ఇంకో మెయిల్ పంపించి, బ్రౌజర్‌లో చూడాలి. ఇన్‌బాక్స్‌లోనే ఉండి, అవుట్‌లుక్ తెరవగానే జంక్‌లోకి జారితే దొంగ అవుట్‌లుక్కే: దాని వడపోత కావచ్చు, అది తెరిచి ఉంటేనే నడిచే రూల్ కావచ్చు. మూసి ఉండగానే జంక్‌లో కనిపిస్తే, హెడర్ కూడా శుభ్రంగా ఉంటే, మెయిల్‌బాక్స్‌లోని ట్రస్టెడ్‌లిస్ట్స్‌ఓన్లీ, లేదా సర్వర్‌లో నడిచే రూల్.

రేపు ఆవిడ సీటుకొచ్చి మెషీన్ ఆన్ చేసేలోపే ఆ మెయిల్ తెప్పించాలి.