చిన్న ఊరి కార్బన్ లెక్క వాటర్ వర్క్స్ దగ్గర మొదలవుతుంది

లక్ష, లక్షన్నర జనాభా ఉన్న మున్సిపాలిటీకి కర్బన ఉద్గారాలు తగ్గించే ప్రణాళిక రాయమంటే ముందు కమాండ్ కంట్రోల్ సెంటర్, తర్వాత మొబైల్ యాప్, ఆ తర్వాత నాలుగు ఎలక్ట్రిక్ బస్సులు రాసేస్తారు. తెనాలి, భీమవరం, సూర్యాపేట స్థాయి ఊళ్లకు ఆ వరస నప్పదు. మున్సిపాలిటీ కట్టే కరెంటు బిల్లులు పన్నెండు నెలలవి తెప్పించి సర్వీసు నంబరు వారీగా వేసి చూడండి. పెద్ద మొత్తాలు రెండు చోట్లే తేలతాయి: నీళ్ల మోటార్లు, వీధి దీపాలు.

లక్ష మందికి తలకు రోజుకు 135 లీటర్ల లెక్కన 13,500 ఘనపు మీటర్ల నీళ్లు కావాలి. ఘనపు మీటరు నీటిని ఒక మీటరు పైకెత్తడానికి 2.725 వాట్ అవర్లు చాలు. మొత్తం హెడ్ (నీళ్లు ఎక్కాల్సిన ఎత్తు, పైపు రాపిడి కలిపి) 50 మీటర్లు అనుకుంటే రోజుకు 1,840 యూనిట్లు. పంపూ మోటారూ కలిపి 60 శాతం సామర్థ్యంతో నడిస్తే కరెంటు మీటరు మీద 3,070 యూనిట్లు తిరుగుతాయి. 45 శాతమైతే 4,090. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా ఈ తేడా ఏడాదికి 26 లక్షలు. గ్రిడ్ కరెంటు యూనిట్‌కు సుమారు 0.7 కిలోల కార్బన్ డయాక్సైడ్ కాబట్టి, 260 టన్నులు కూడా.

మీ పంపు ఏ శాతంలో ఉందో తేల్చడానికి కన్సల్టెంటు అక్కర్లేదు. ఓవర్‌హెడ్ ట్యాంకు అవుట్‌లెట్ వాల్వు కట్టేసి సరిగ్గా గంటసేపు మోటారు నడపండి. 12 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో నీళ్లు మీటరున్నర పెరిగితే 170 ఘనపు మీటర్లు ఎక్కినట్టు. డెలివరీ గేజ్ (పంపు నుంచి బయటికెళ్లే పైపు మీది ఒత్తిడి గేజ్) చదరపు సెంటీమీటరుకు 3.8 కిలోలు చూపిస్తే 38 మీటర్లు, సంపులో నీళ్లు గేజ్ కంటే 2 మీటర్లు కిందుంటే అదీ కలిపి 40. అంటే నీటికి అందింది 18.5 యూనిట్లు. ఆ గంటలో మీటరు 40 యూనిట్లు తిరిగిందా? సామర్థ్యం 46 శాతం. మధ్యలో పైపు కారుతుంటే ఆ నష్టం కూడా ఇందులోనే కలిసిపోతుంది కాబట్టి, పంపును తిట్టేముందు లైను వెంబడి ఒకసారి నడిచి చూడాలి.

గేజ్ వాల్వుకు ముందొకటి, తర్వాతొకటి పెట్టమని నేను గట్టిగా చెబుతాను. ఎందుకంటే ఎక్కువ చోట్ల జరిగేది ఇదీ: 40 మీటర్లు చాలిన చోట "ఎందుకైనా మంచిది" అని 60 మీటర్ల పంపు కొంటారు. హెడ్ తక్కువ కావడంతో నీళ్లు ఎక్కువ తోసి మోటారు ఓవర్‌లోడ్ అవుతుంది, ట్రిప్ అవుతుంది. ఆపరేటర్ డెలివరీ వాల్వు సగం మూసి ఆంపియర్లు దించుతాడు. అతని తప్పేమీ లేదు, మోటారు కాలకుండా కాపాడుకున్నాడు. కానీ ఆ సగం మూసిన వాల్వులో పోయే ఒత్తిడికి ఊరంతా బిల్లు కడుతుంది. దీనికి మందు ఇంపెల్లర్‌ను (పంపులో తిరిగే చక్రాన్ని) లేత్ మీద తగ్గించడం, లేదా సరైన హెడ్ ఉన్న పంపు వేయడం.

ఇక్కడే వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే పరికరం) అమ్మేవాళ్లు దిగుతారు. వేగం 85 శాతానికి దించితే పంపు ఇచ్చే హెడ్ 72 శాతానికి పడిపోతుంది. హెడ్‌లో ఎక్కువ భాగం ట్యాంకు ఎత్తే అయిన చోట వేగాన్ని ఇంకాస్త దించితే నీళ్లసలు పైకి ఎక్కవు. పైపు పొడవు వల్ల రాపిడి ఎక్కువున్న లైన్లకు వీఎఫ్‌డీ పనికొస్తుంది, మిగతా చోట్ల డబ్బు దండగ. స్టార్టర్ ప్యానెల్‌లో కెపాసిటర్లు బతికున్నాయో లేదో చూడటం అంతకంటే చవక. అవి పోతే పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) పడిపోతుంది. బిల్లు కేవీఏహెచ్‌లో, అంటే లాగిన మొత్తానికి వేసే సర్వీసుకు పవర్ ఫ్యాక్టర్ 0.8 ఉంటే పావు వంతు ఎక్కువ చదువుతుంది.

పంపులు బాగయ్యాకే సోలార్. తలకిందులుగా చేస్తే వృథా అయ్యే కరెంటుకు కూడా ప్యానెళ్లు కొన్నట్టు. కిలోవాట్‌కు సుమారు 100 చదరపు అడుగులు, రోజుకు సగటున 4 యూనిట్లు. ఫిల్టర్ హౌస్ పైకప్పు, సంపు మూతలు, ఆవరణలో ఖాళీ జాగా కలిపి 300 కిలోవాట్లకు చోటు దొరికితే 1,200 యూనిట్లు. అయితే తెల్లవారుజామున నాలుగింటికి మోటార్లు వేసే అలవాటు మారాలి. రోజు సరఫరాలో మూడో వంతు పట్టే ట్యాంకులున్నా ఆ మేరకు ఉదయం పదికీ మూడింటికీ మధ్య నింపుకోవచ్చు. ఊరికి ఉన్న అసలైన బ్యాటరీ ఆ ట్యాంకే. దీనికి కావలసిన "స్మార్ట్" ఒక లెవెల్ సెన్సరు, ఒక టైమరు. ట్యాంకు మీద సెన్సరు పిడుగులకు పోతుంది కాబట్టి సర్జ్ ప్రొటెక్టర్, దానికి వేరే ఎర్తింగ్ మరవొద్దు. పగటి సౌర వేళల్లో టారిఫ్ తక్కువ ఉండాలని కేంద్రం 2023లో నిబంధనలు సవరించింది. మీ కేటగిరీకి అది అమలైందో లేదో డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) టారిఫ్ ఆర్డర్‌లో చూసుకోండి.

వీధి దీపాల సంగతి చాలావరకు తెలిసిందే. 2014 హుద్‌హుద్ తర్వాత విశాఖలో భారీగా ఎల్‌ఈడీలు వేశారు. ఇప్పుడు మిగిలిన జబ్బు పగలు వెలిగే దీపాలు. స్తంభాల మీద మూడో తీగ (వీధి దీపాలకే వేరుగా లాగే తీగ) లేకపోతే సీసీఎంఎస్ డబ్బా (దీపాలను ఒకే చోటు నుంచి వెలిగించి ఆర్పేది) ఎంత ఖరీదైనదైనా ఆర్పలేదు. ముందు తీగ, తర్వాత డబ్బా.

రవాణాకొస్తే, 2023లో ఆమోదం పొందిన పీఎం ఈ-బస్ సేవ ప్రధానంగా 3 లక్షలు దాటిన నగరాలకు ఉద్దేశించింది. చిన్న ఊళ్లో బస్సు స్థానంలో ఉన్నది షేర్ ఆటో. బ్యాటరీ ఆటోలకు 2018 నుంచి పర్మిట్ అక్కర్లేదు, కాబట్టి పర్మిట్ల లెక్క చూస్తే అవి తేలవు. స్టాండుల్లో నిలబడి లెక్కపెట్టుకోవాల్సిందే. లీటరుకు 30 కిలోమీటర్లు ఇచ్చే డీజిల్ ఆటో కిలోమీటరుకు దాదాపు 90 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. 0.08 యూనిట్లు తినే ఈ-ఆటోకు గ్రిడ్ కరెంటు మీద 56 గ్రాములు.

చిక్కంతా ఛార్జింగ్ వేళతోనే. 50 ఆటోలు రాత్రి తొమ్మిదింటికి ఇంటికొచ్చి తలా 3 కిలోవాట్లు లాగితే 150 కిలోవాట్లు. అవన్నీ ఒకే పేటలో ఉంటే అప్పటికే ఫ్యాన్లు, ఏసీలతో నిండిన 100 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని మోయలేదు. పైగా చాలా ఇళ్లకు మంజూరైన లోడు కిలోవాటో రెండో. ఫ్యాన్ల కోసం లాగిన సన్నటి వైరు, 6 ఆంపియర్ల సాకెట్ కరిగిపోతాయి. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా బేరాలు మందగించే వేళ, బస్టాండు, రైతు బజారు స్టాండుల దగ్గర పాయింట్లు పెడితే రెండు గంటల్లో 6 యూనిట్లు ఎక్కుతాయి. రోజుకు 80 కిలోమీటర్లు తిరిగే ఆటోకు అవసరం ఆరున్నర యూనిట్లే. పాయింటు పెద్ద యంత్రమేమీ కాదు: 16 ఆంపియర్ల ఇండస్ట్రియల్ సాకెట్, 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీబీఓ (కరెంటు లీకైనా, ఓవర్‌లోడైనా ట్రిప్ అయ్యే స్విచ్), సబ్ మీటరు, పైన రేకు. నీడ లేని చోట పెడితే ఎవరూ ఆపరు, బ్యాటరీ వేడెక్కి ఛార్జింగ్ నెమ్మదిస్తుంది. డిస్కం ఏఈని ముందే కలిసి ఏ ట్రాన్స్‌ఫార్మర్ మీద మధ్యాహ్నం ఖాళీ ఉందో, దానికి వేసవి రీడింగులేమిటో తీసుకున్నాకే స్టాండు ఖరారు చేయాలి.